ఒక్క పూటలో వచ్చిన సంతకాలు

ఆ ఏప్రిల్‌లో, భిలాయి క్యాంప్ 2 బస్తీలో, సింహాచలమ్మ ఇంటి ముందు రేకుల నీడలో ఏడుగురు స్త్రీలు నాతో వరుసగా మూడు ఆదివారాలు మనసు విప్పి మాట్లాడారు. నాలుగో ఆదివారం నేను సంచిలోంచి అనుమతి పత్రాలు తీశాను. ఏడుగురి చేతులూ చీర కొంగుల కిందికి వెళ్ళిపోయాయి.

"చదివి వినిపించాను కదా. ఇందులో మీకు హాని చేసే మాట ఒక్కటీ లేదు," అన్నాను.

"మాటల్దేటుంది టీచరమ్మా. మాటలు ఎన్నయినా ఆడతాం. సంతకం మాత్రం ఎట్టం," అంది సింహాచలమ్మ.

"ఎందుకు పెట్టరు?"

"ఎట్టం, అంతే." చోడంబలి గ్లాసు నా వైపు జరిపింది. "తాగండి. ఎండకి పడిపోతే మా మీదకొస్తాది."

అమ్ము ఒక్కతే నవ్వింది. ఏడుగురిలోనూ చిన్నది, భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల. "ఆంటీ, మీరు అచ్ఛే హైఁ. మీ కాగజే బాగోలేదు," అంది.

వీరందరూ పారిశ్రామిక వాడలో ఒక ప్రైవేటు యార్డులో ఇనుప తుక్కు ఏరే రేజాలు. ఇక్కడ ఆడకూలీలను అలాగే పిలుస్తారు. నేను డెబ్బయ్యవ ఏట 'వృత్తి వికాసం, కోచింగ్' అనే విషయంలో ఎం.ఏ. చేస్తున్నాను, వీరితో జరిపే సంభాషణలే నా పరిశోధన వ్యాసానికి ఆధారం. కోచింగ్ అనగానే మా సెక్టారులో అందరికీ ఇంజనీరింగు ప్రవేశ పరీక్షే గుర్తుకొస్తుంది. పక్క క్వార్టరు గణపతిరావుగారు మా గేటు దగ్గర నిలబడి, "ఈ వయసులో జేఈఈ ఏమిటి లలితాంబగారూ, ర్యాంకు వస్తే హాస్టల్లో ఎవరు చేర్చుకుంటారు?" అని తన హాస్యానికి తానే నవ్వుకున్నారు. నేను నవ్వలేదు.

క్యాంపులో పది పూర్తయిన ఆడపిల్లలకు ముందు దారి తెలిపే గది ఒకటి కావాలని నేను అర్జీ పెట్టుకున్నప్పుడు, "ఇందులో మీ అర్హత ఏమిటి మేడమ్?" అని క్యాంపు సంక్షేమ కమిటీ అడిగింది. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయినిగా దిగిపోయిన నన్ను అడిగింది. అర్హత తెస్తే గది ఇస్తామన్నారు. తెస్తానన్నాను. మధ్యలో రెండు కళ్ళకూ ఆపరేషన్లయ్యాయి, విశ్వవిద్యాలయం ఇవ్వగలిగిన గడువులన్నీ అయిపోయాయి. ఈ జూన్ ముగిసేలోగా వ్యాసం సమర్పించకపోతే నా నమోదు రద్దవుతుంది. ఇంకోసారి మొదటినుంచి చదవడానికి నాకు వయసు లేదు. ఆ గది కోసం ఇంకొకరు చదువుతారన్న నమ్మకమూ లేదు.

ఈ విద్యలో మొదటి నియమం సలహా చెప్పకపోవడం. ప్రశ్న అడగాలి, ఎదుటి మనిషి తన జవాబు తానే వెతుక్కునేదాకా ఓపికగా కూర్చోవాలి. కాన్వెంటులో సిస్టర్లు నాకు చాలా నేర్పారు గాని, అది నేర్పలేదు. ఆ మూడు ఆదివారాలూ నా నాలుకను పళ్ళ మధ్య పట్టుకుని నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు ఫలితమూ కనిపించింది. సింహాచలమ్మ ఒకనాడు నర్సు కావాలనుకున్న సంగతి ఆమె కూతుళ్ళకే తెలియదు. అమ్ముకు క్రేను నడపాలని ఉంది. "పైన కూర్చుంటే అందరూ చిన్నగా కనిపిస్తారు ఆంటీ, సూపర్‌వైజరు కూడా," అని చెప్పింది. అదంతా నా ఫోనులో ఉంది. సంతకాలు లేనంతవరకు అందులో ఒక్క వాక్యం కూడా నేను వాడుకోకూడదు.

నా గైడు డాక్టర్ మనోజ్‌కుమార్ ఒకప్పుడు నా విద్యార్థే. రైల్వేలో పని చేయడానికి విజయనగరం నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు ఇంటిలో వింటాడు, మాట్లాడేటప్పుడు హిందీ ముందుకొస్తుంది. అతని గదిలో కూలరు ఎదుట కూర్చుని జరిగింది చెప్పాను.

"ఇది అసలు ప్రాబ్లమే కాదు మేడమ్. ఏడు పెన్నులు కొనుక్కోండి," అన్నాడు.

"ఎందుకు?"

"ఏడు రకాల సంతకాలకి. ఘర్ బైఠే, ఇంట్లోనే అయిపోతుంది. అందరూ చేసేదే."

"అందరూ అంటే ఎవరు? పేర్లు చెప్పు."

అతను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "నన్ను మళ్ళీ బెంచీ ఎక్కించేలా చూడకండి మేడమ్, ప్లీజ్. మీ మంచికే చెప్తున్నా. సంతకాలు లేకపోతే ఆఫీసు వాళ్ళు థీసిస్ జమ చేసుకోరు."

"దొంగ సంతకాలు పెట్టి న్యాయం గురించి రాయమంటావా?"

"మీ టాపిక్ న్యాయం కాదు కదా మేడమ్. కెరీర్ కోచింగ్."

"రెండూ వేరని నీకెవరు చెప్పారు?"

"అయితే అసలు సంతకాలే తెండి. మే ఆఖరులోగా," అని ఫైలు మూశాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా కొడుకు రవికాంత్, "ఏమ్మా, మనోజ్ భయ్యా ఏమన్నాడు?" అని అడిగాడు. రవికాంత్ పారిశ్రామిక వాడలో రాజేంద్ర అనే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. నెమ్మదస్తుడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు.

"సంతకాలు తప్పవన్నాడు. వాళ్ళేమో పెట్టం అంటున్నారు."

"ఎవరు, సింహాచలమ్మ వాళ్ళా?"

నేను తలెత్తాను. ఇంట్లో ఆ పేర్లు నేనెన్నడూ చెప్పలేదు.

"మా యార్డులో అందరికీ తెలుసమ్మా. ఎవరో టీచరమ్మ ఆదివారం ఆదివారం వచ్చి కష్టసుఖాలు అడుగుతోందని చెప్పుకుంటారు. ఆ తుక్కు యార్డు మార్చి నుంచి నాకే అప్పజెప్పారు. ఆ టీచరమ్మ మా అమ్మేనని వాళ్ళకి చెప్పలేదులే." చేయి చాచాడు. "కాగితాలిలా ఇవ్వు. రేపు మధ్యాహ్నానికి తెచ్చేస్తాను."

"వాళ్ళు పెట్టరు."

"నేనడిగితే పెడతారు."

"ఇచ్చేయండి అత్తయ్యా," అంది కోడలు కృష్ణప్రియ. "గ్యాసు సిలిండరు మార్చమంటే ఈయనకి వారం పడుతుంది. ఒక్క పూటలో చేస్తానంటున్న పని ఇదొక్కటే."

ఆ పత్రాలు మూడో మనిషి చేతికివ్వడం నియమానికి విరుద్ధం. అది నాకు తెలుసు. గడువు ముంచుకొస్తున్నదని నాకు నేను చెప్పుకుని ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం రవికాంత్ వాటిని బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఏడూ ఉన్నాయి. ఐదింటి మీద సంతకాలు, రెండింటి మీద వేలిముద్రలు, అన్నీ ఒకే నీలి సిరాతో, ఉండవలసిన చోట. అంతవరకు నన్ను ఆపిన గోడ ఒక్క పూటలో కూలిపోయింది. ఎలా కూలిందని అడగకుండా నేను ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

తరువాతి ఆదివారం సింహాచలమ్మ వాకిట్లో నా కోసం ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. దాని మీద తువ్వాలు పరిచారు. అంతకు ముందు నేను వారితో పాటే చాప మీద కూర్చునేదాన్ని. అంబలికి బదులు దుకాణం నుంచి తెప్పించిన శీతల పానీయం వచ్చింది. ఏడుగురూ నిలబడే ఉన్నారు. నేను రెండుసార్లు చెప్పిన మీదట కూర్చున్నారు.

"పోయిన నెల మనం అనుకున్న దాని మీద ఈ మధ్య ఏమైనా ఆలోచించారా?" అని అడిగాను.

"బాగుంది మేడమ్," అంది ఒకామె.

"ఏది బాగుంది?"

"పని బాగుంది మేడమ్. కంపెనీ బాగా చూసుకుంటోంది."

"అమ్మూ, క్రేను సంగతి?"

అమ్ము తల వంచుకుని చాప పుల్ల విరుస్తోంది. "నహీఁ మేడమ్. ఈ పనే బాగుంది."

నేను ఫోనులో రికార్డింగు ఆపేశాను. చేతిలో సక్రమంగా పూర్తిచేసిన ఏడు అనుమతి పత్రాలున్నాయి, ఎదురుగా మాట లేదు. అందరూ వెళ్ళిపోయేదాకా కుర్చీలోంచి కదలలేదు.

"ఏం జరిగింది?" అన్నాను సింహాచలమ్మతో.

"ఏటీ జరగలేదు మేడమ్."

"టీచరమ్మా అనేదానివి."

ఆమె గ్లాసులు తీసి గిన్నెలో వేసింది. "మీరు రవికాంత్ బాబు తల్లని మాకేటి తెల్సు."

"అతను మిమ్మల్ని బెదిరించాడా?"

"రామ రామ. ఆ బాబు నోరెత్తి మాటాడడు, మంచోడు. టిఫినీ వేళకొచ్చాడు, కాగితాలిచ్చాడు, ఎట్టినాం. ఎప్పుడూ ఎట్టినట్టే."

"ఎప్పుడూ అంటే?"

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నదని గ్రహించి నేను తొందరపెట్టలేదు.

"పన్లో సేరినప్పుడు తెల్ల కాగితం ఇత్తారు. కింద మేం సంతకం ఎడతాం. పైన ఏటీ ఉండదు. పైన ఆళ్ళు తరవాత రాసుకుంటారు, మేవే పని మానేసినావని. పోయినేడు మాతో పన్జేసిన బేబీ కాలి మీద ఇనప ముక్క పడిపోనాది. ఆసుపత్రి కాడ మంచం మీదుంటే, అది అంతకు ముందే పని మానేసిందని కాగితం సూపించారు. సంతకం దానిదే. ఏటంటాది మరి?"

"ఆ తెల్ల కాగితాలు తీసుకునేది ఎవరు?"

"సూపరైజరు ఎవుడుంటే ఆడే. మారిపోతుంటారు." గిన్నె ఎత్తుకుని లోపలికి తిరిగింది. తిరిగాక చెప్పింది: "మార్చిలో కొత్తోళ్ళవి మీ బాబే తీసుకున్నాడు. అమ్ముదీ అప్పుడే."

నేను ఇంటికి వచ్చేసరికి రవికాంత్ పెరట్లో కూలరుకు కొత్త గడ్డి కడుతున్నాడు. చెప్పులు విప్పకుండానే అతని దగ్గరికి వెళ్ళాను.

"తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకుంటున్నావా?"

అతను అబద్ధం ఆడలేదు. "అది ఫార్మాలిటీ అమ్మా. చుట్టుపక్కల అన్ని యార్డుల్లోనూ ఉంది."

"అవి దేనికో తెలిసే తీసుకుంటున్నావా?"

"తెలుసు."

"తెచ్చి ఎవరివి వాళ్ళకిచ్చెయ్."

"నా దగ్గరెక్కడున్నాయి? రాజేంద్ర భయ్యా ఆఫీసు బీరువాలో ఉంటాయి."

"అయితే వెళ్ళి అడుగు."

"అడగలేను."

"ఎందుకడగలేవు? నోరు లేదా? నిన్ను ఏం పెట్టి పెంచాను నేను?"

తడి గడ్డి లోంచి నీళ్ళు అతని మోచేతుల మీదుగా కారుతున్నాయి. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నాది కూడా ఆ బీరువాలోనే ఉందమ్మా," అన్నాడు.

వంటింటి కిటికీలో కృష్ణప్రియ కనిపించింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నాతో ఎప్పుడూ అనలేదే," అంది.

"అంటే నువ్వేం చేస్తావు? రోజూ పొద్దున్నే డబ్బా కడుతూ నా మొహం చూసి భయపడతావు. అంతే కదా."

ఎంతటి జవాబుకైనా సిద్ధపడి వెళ్ళాను నేను. అతనిదీ ఆ బీరువాలోనే ఉందన్న మాటకు మాత్రం కాదు. గడ్డి కట్టడం పూర్తిచేసి అతను స్విచ్చి వేశాడు. కూలరు తిరిగింది. ముగ్గురం దాని చుట్టూ నిలబడి, అది సరిగ్గా పనిచేస్తున్నదో లేదో చూడడానికే నిలబడినట్టు చూస్తూ ఉండిపోయాం.

మర్నాడు యార్డు సైరను మోగి, వారు పని నుంచి తిరిగి వచ్చే వేళకు క్యాంపుకు వెళ్ళి, ఎవరి పత్రం వారి చేతికిచ్చాను. "ఇవి నేను తీసుకున్న పద్ధతి తప్పు. మీవి మీరు చింపేయండి. మూడు ఆదివారాలు మీరు చెప్పినదంతా చెరిపేయమన్నా చెరిపేస్తాను. ఇక్కడే, మీ ఎదుటే."

"సబ్ డిలీట్?" అంది అమ్ము. "మీ పరీక్ష ఏమవుతుంది మరి?"

"ఆగిపోతుంది."

"మళ్ళీ రాయొచ్చా?"

"రాయలేను."

సింహాచలమ్మ తన పత్రాన్ని నాలుగు ముక్కలుగా చింపి పొయ్యి దగ్గర పెట్టింది. తక్కినవారూ చింపారు. "మీరిప్పుడు ఎల్లండి టీచరమ్మా," అంది ఆమె. "మేం మాటాడుకోవాల."

మే నెల ఎండలో ప్రతి మధ్యాహ్నం నేను విశ్వవిద్యాలయం నియమావళిని ఆసాంతం చదివాను. కాన్వెంటు చదువు నాకు మిగిల్చిన అలవాటు అది: శిక్ష వేసే ముందు గాని, శిక్ష పడే ముందు గాని నియమం చదవాలి. చివరి పుటల్లో నాకు కావలసిన నిబంధన దొరికింది. సంతకం చేయడమే మనిషికి ముప్పు తెచ్చే చోట నోటిమాటగా అనుమతి తీసుకుని రికార్డు చేయవచ్చు. పరిశోధన నీతి సంఘం ఒప్పుకోవాలి, సంతకం ఎందుకు తీసుకోలేదో వ్యాసంలో స్పష్టంగా రాయాలి.

మనోజ్‌కుమార్ ఆ పుటను రెండుసార్లు చదివాడు. "ఈ పేజీ ఎవరూ చదవరు మేడమ్," అన్నాడు.

"నేను చదివాను."

"నీతి కమిటీ జూన్ రెండో వారంలో కూర్చుంటుంది. ప్రశ్నలడుగుతారు. నిజం రాయాల్సి వస్తుంది."

"దానికేనా భయం?"

"నాక్కాదు మేడమ్. మీ కోసమే," అన్నాడు అతను. అతని మొహం చూస్తే, రవికాంత్ ఏ కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడో అతనికి తెలుసని అర్థమైంది. ఈ ఊళ్ళో అందరికీ అందరి ఉద్యోగాలూ తెలుసు. దరఖాస్తు మీద మాత్రం గైడుగా మారు మాట లేకుండా సంతకం చేశాడు.

క్యాంపు నుంచి కబురు రావడానికి రెండు వారాలు పట్టింది. నేను వెళ్ళేసరికి కుర్చీ లేదు, చాప ఉంది.

"ముందు మీరు సెప్పండి, ఆ ఫోన్లో," అంది సింహాచలమ్మ. "మా పేర్లు రాయనని. ఇక్కడాడిన మాట మీ ఇంట్లో ఆడనని. మీ బాబుతో కూడా."

నా పేరు, నా తండ్రి పేరు చెప్పి, వారడిగిన ప్రతి మాటకూ మాటిచ్చాను. వినిపించమన్నారు. వినిపించాను. ఆ తరువాత ఒక్కొక్కరే ఫోను దగ్గర నోరు పెట్టి తమ అనుమతి చెప్పారు. తమ గొంతులు తామే విని, నాది కాదు, నీదే, అని ఒకరినొకరు వెక్కిరించుకున్నారు.

చివరి సమావేశంలో నేను అడగవలసిన ప్రశ్న ఒకటే: మీరు కోరుకున్న దానికీ మీకూ మధ్య ఏం అడ్డం ఉంది, అందులో మీ చేతిలో ఉన్నది ఎంత. అడిగి ఊరుకున్నాను.

"అడ్డం ఏటున్నాది, ఆ తెల్ల కాగితమే," అంది ఒకామె. "క్రేను నేర్చుకుంటానని ఇది అడిగితే, మర్నాడే పని మానేసినట్టు రాసుకుంటారు."

ఏం చేయాలో నాకు తెలుసు. లేబరు ఆఫీసు ఎక్కడుందో, అర్జీ ఎలా రాయాలో, మొదటి వాక్యంతో సహా నా నోట్లో సిద్ధంగా ఉంది. నీళ్ళు తాగాను.

"వాళ్ళ దగ్గర కాగజ్ ఉంటే మన దగ్గరా ఒకటి ఉండాలి," అంది అమ్ము.

"ఏటని రాత్తావే?"

"ఖాళీ కాగితం మీద మా సైన్ తీసుకున్నారు, మేము పని మానలేదు, రేపు ఎవరైనా చూపిస్తే అది ఝూఠ్ అని. ఇప్పుడే రాసి ఇచ్చేద్దాం. తర్వాత చెప్తే ఎవరు వింటారు? బేబీ దీదీది విన్నారా?"

"ఎవులికిత్తాం?"

"లేబర్ ఆఫీసుకి. రాజేంద్రకి కూడా ఒకటి. రిజిస్టర్ పోస్టులో."

"మళ్ళీ సంతకాలెట్టాల కదే," అంది సింహాచలమ్మ.

మొదట ఎవరు పెడతారన్న ప్రశ్న ఏడుగురి మధ్యా తిరిగి తిరిగి చాప మీదే ఆగిపోయింది. ఆ సమావేశం అక్కడే ముగిసింది. వ్యాసంలోనూ అక్కడే ముగించాను.

ఇక మిగిలింది, సంతకాలు ఎందుకు తీసుకోలేదో చెప్పే పుట. క్యాంపులో విన్న మాటలు అందులో లేవు. నేను చేసినది, నా ఇంట్లో జరిగినది మాత్రమే ఉంది. పత్రాలు పరిశోధకురాలి కుమారుడి ద్వారా వచ్చాయని, అతను అదే యార్డులో సూపర్‌వైజరని, ఆ కారణంగా అవి అనుమతి కావని, అక్కడ తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకునే అలవాటు ఉందని అతనే ఒప్పుకున్నాడని రాశాను. అచ్చు తీయించి, దాని కింద అనుమతి పత్రం ఒకటి పెట్టి, రవికాంత్ ముందుంచాను.

"ఇది నీ గురించి. నువ్వు ఒప్పుకోకుండా నేను రాయకూడదు."

అతను చదివాడు. "నా పేరుందా?"

"లేదు."

"నీ కొడుకని ఉంటే పేరున్నట్టే కదమ్మా."

"అవును."

"కాదంటే?"

"ఈ పుట తీసేస్తాను. ఇది లేకపోతే సంఘం ఒప్పుకోదు. వ్యాసం ఆగిపోతుంది."

"అంటే తెచ్చి తెచ్చి నా నెత్తిన పెట్టావు."

"నిర్ణయం నీదే. నేను ఒక్క మాట కూడా అనను."

"నువ్వా?"

కృష్ణప్రియ పప్పు గిన్నె బల్ల మీద పెడుతూ, "చూద్దాం లెండి. అత్తయ్య మాట అనకుండా ఉండడం నా పెళ్ళయ్యాక ఇదే మొదలు," అంది.

నేను అనలేదు. ఆ కాగితం అతని చొక్కా జేబులో యార్డుకు వెళ్ళి, అదే జేబులో ఇంటికి వస్తూ ఉండేది. మడతల దగ్గర నలిగింది. కమిటీ తేదీ దగ్గరపడింది. మనోజ్‌కుమార్ రోజూ ఫోను చేసేవాడు. ఒక రోజు ఉదయం రవికాంత్ బూట్లు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు: "ఇందులో ఒకటి తక్కువుంది. నాది కూడా ఆ బీరువాలో ఉందని రాయలేదు."

"అది నీ సంగతి. నాది కాదు, రాయడానికి."

"రాయి."

కొత్త వాక్యం చేర్చి, ఆ పుట మళ్ళీ అచ్చు తీయించి తెచ్చాను. సాయంత్రం అతను దాన్ని మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివి, సంతకం చేశాడు. చేశాక, "ఆదివారం నేను వాళ్ళ దగ్గరికొస్తే తరిమేస్తారా?" అని అడిగాడు. క్యాంపులో విన్న మాట ఒక్కటి కూడా నేను అతనితో అనలేదు. ఆ ప్రశ్న అతనిదే.

"అడిగి చెప్తాను," అన్నాను.

నీతి సంఘం నన్ను రెండు గంటలు కూర్చోబెట్టింది. ఒక సభ్యుడు, కుటుంబ విషయాలు పరిశోధనలోకి తేవడం అవసరమా అని అడిగాడు. తెచ్చింది నేను కాదు, అనుమతి పత్రం మీద సంతకం కావాలన్న మీ నియమం తెచ్చింది, అన్నాను. నోటి అనుమతికి ఒప్పుకున్నారు. తొలకరి జల్లు పడిన రోజున, గడువుకు ఇంకా వ్యవధి ఉండగానే, వ్యాసం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. తరువాతి నెలల్లో వైవా జరిగి, పట్టా వచ్చి, క్యాంపులో గది తలుపు మీద నా పేరు రాశారు. ఆ సంగతి ఇంతకంటే చెప్పవలసిన పని లేదు.

ఆ జూన్‌లోనే, రవికాంత్ గురించి నేను అడిగినప్పుడు సింహాచలమ్మ, "రమ్మనండి. కూకోమనం," అంది.

అతను వచ్చాడు. కూర్చోమనలేదు. వాన వెలిసి రేకుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ ధార పక్కనే నిలబడి, చెప్పవలసినది నేర్చుకుని వచ్చినట్టున్నాడు, అదంతా మరిచిపోయి, "నేను కూడా ఖాళీ కాగితం మీద సంతకం చేశాను. నాలుగేళ్ళయింది. అది తెలిసీ మీ చేత చేయించాను," అన్నాడు.

"మాకేటి సెప్తన్నావు బాబూ ఇదంతా?" అంది సింహాచలమ్మ.

"ఇంకెవరికీ చెప్పలేక."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అమ్ము లోపలికి వెళ్ళి, హిందీలో రాసిన అర్జీ తెచ్చింది. మూడు వారాలుగా రాసి ఉన్నది, కింద ఖాళీగా. ఏమీ చెప్పకుండా అతనికి పెన్ను ఇచ్చింది. అతను గోడకు కాగితం ఆనించి పెన్ను మూత తీశాడు.

"ఆగు," అంది సింహాచలమ్మ. "ముందు సదువు. పైకి సదువు, మేమూ ఇంటాం. ఒక్క ముక్క ఒగ్గీకుండా."

యార్డులో వాళ్ళ పైన పనిచేసే మనిషి, బడిపిల్లవాడిలా పైకి చదివాడు. ఒక చోట తడబడితే అమ్ము అందించింది. పూర్తయ్యాక సంతకం చేశాడు. తరువాత సింహాచలమ్మ, అసలైన నర్సుకు మల్లే అక్షరం అక్షరం విడదీసి తన పేరు రాసింది. తక్కినవారు వరుసగా పెట్టారు. వేలిముద్రలవారికి సిరా దిండు లేకపోతే అమ్ము పెన్ను రీఫిల్లు విరిచి వేళ్ళకు పూసింది. ఆ సంతకాలతో నా పరిశోధనకు ఏ పనీ లేదు. అవి ఒక్కొక్కటీ పడుతుంటే, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

సోమవారం ఉదయం రవికాంత్ రెండు కవర్లూ జేబులో పెట్టుకుని బండి బయటికి తీశాడు. సుపేలా పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు చేసి, అటు నుంచి డ్యూటీకి వెళతాడు. కృష్ణప్రియ టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాకా వచ్చింది.

"ఇవాళ వద్దులే. మధ్యాహ్నానికే పంపించేస్తారేమో," అన్నాడు.

"పంపిస్తే ఇంటికొచ్చి తినండి. పంపకపోతే అక్కడ తినండి," అని డబ్బాను హ్యాండిలుకు తగిలించింది.

ఆ మధ్యాహ్నం అతను తినడానికి ఇంటికి రాలేదు. మర్నాడు మధ్యాహ్నమూ రాలేదు. క్రేను శిక్షణకు అమ్ము పేరు ఇచ్చిందని, ఇంకా ఏమీ తేలలేదని, ఒక సాయంత్రం అతనే చెప్పాడు. కృష్ణప్రియ రోజూ పొద్దున్నే డబ్బా కడుతున్నది, ఏ రోజుకారోజు.